అమ్మ కట్టిన విమానానికి మోటారు

అమ్మడూ,

మొదటి షిఫ్టుకు పోతున్నాను. విమానం బల్లమీద ఉంది. రెక్క పట్టుకుని ఎత్తకు, బాల్సా చెక్క విరుగుతుంది. బ్యాటరీని నువ్వు తోకవైపు పెట్టావు. అలా ఎగరేస్తే ముక్కు పైకెత్తి కూలబడుతుంది. ముందుకు జరిపాను. రిమోటు ఆన్ చేశాకే బ్యాటరీ తగిలించు.

రబ్బరు మెలితిప్పి ఎగరేసే విమానానికి మోటారు బిగించాలని, మీ అమ్మ అతికించిన ముక్కు కోసేశావు. నన్నొక్క మాట అడగలేదు. ఆమె పోయి ఏడాదన్నా కాలేదు. ఇది నేను మరిచిపోను. కోసిన ముక్కను చెత్తబుట్టలోంచి తీసుకున్నాను. దాని జిగురులో ఆమె వేలిముద్ర ఉంది. అడగకు, ఇవ్వను.

నాన్న

మొదటిసారి ఎగరేసే రోజు నాకు చెప్పు, వస్తాను. నీతో మాట్లాడను. దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోతాను.