చుట్టల కట్టకి బైబిలు అక్షరాలు

ఏమండీ,

అక్కకి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే ధవళేశ్వరం పడవకి పరిగెడుతున్నాను. మధ్యాహ్నం అచ్చుకూటం మనిషి వస్తాడు. మన చుట్టల కట్టల మీద అంటించే కాగితానికి మీరు ఎంచిన లావు అక్షరాలు వద్దని చెప్పండి. అతనిచ్చిన మచ్చు కాగితంలో రెండో వరసలో ఉన్న సన్నవి వెయ్యమనండి. మరిచిపోకండి.

ఆ లావువి ఎంతో బాగున్నాయని మురిసిపోయారు గానీ, అవి మన బైబిల్లో అక్షరాలేనండి! మచ్చు కాగితం బల్ల మీద పెడితే అత్తయ్యగారు బైబిలు కాగితమనుకుని తీసి కళ్ళకద్దుకున్నారు. చుట్టల కాగితమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేపు జనం చుట్ట ముట్టించి ఆ కాగితం వీధిలో పారేస్తే, ఆవిడ ఊరంతా వంగి ఏరుకుంటూ తిరుగుతారు. నాకదే బెంగ. నిన్ననే చెప్పబోతే మీరు వింటేగా!

చద్దన్నం ఉట్టి మీద ఉంది. పొగాకు మీద తడిగుడ్డ ఆరనివ్వకండి.

ప్రసన్నకుమారి

మచ్చు కాగితం అత్తయ్యగారి బైబిల్లో ఉంది, అడగకండి. పొద్దున్న కూడబలుక్కుని మొదటి మాట చదివారు. అది మీ పేరు. పక్కనున్న ‘చుట్టలు’ దాకా చదవలేదు. దేవుడి పుస్తకంలో కొడుకు పేరు పడిందని పక్కింటి పాపాయమ్మగారికి చెప్పి ఏడుస్తున్నారు.