నలభై ఆరు స్ట్రెచర్ గుడ్డలు

జూన్ 3, ఉదయం 8.40

తొమ్మిదింటికి ఆర్మీ మేజర్ గారు మా కుట్టుషాపుకు వస్తున్నారు. మనవరాలు కాగితం రాసి గోడకు అంటించింది: హోదాతో పిలవాలి, గిఫ్టు ఇవ్వకూడదు, మాట సాగదీయకూడదు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న వ్యాపారం నాకు నువ్వు నేర్పుతావా అని మా అబ్బాయి కూతుర్ని వెక్కిరించాడు. ముందు గడ్డం గీసుకోమన్నాను.

జూన్ 3, 11.00

మేజర్ గారు ఆడమనిషి. 8.55కే వచ్చి, తొమ్మిది అయ్యేదాకా గేటు బయటే నిలబడ్డారు. మనిషి నచ్చింది. అబ్బాయి మెరుపు కాగితం చుట్టిన పెట్టె ముందుకు తోశాడు. అది లోపల పెట్టి రండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నారు, చిరాకు పడకుండా.

రెండు వందల స్ట్రెచర్ గుడ్డలు ఇరవై నాలుగో తేదీకి అవుతాయా అని అడిగారు. మీరు అడగడమూ, మేం కాదనడమూనా అన్నాడు వీడు. అంటే అవునా, కాదా అన్నారు. గోడ మీద పిల్లికి దిగక తప్పలేదు. అవునన్నాడు. ఆవిడ రాసుకున్నారు.

ఈ ఆర్డరు నిలబడితే ఏడాది పొడుగునా పని. లేకపోతే ఆరుగురు టైలర్లలో ముగ్గురిని పంపేయాలి.

జూన్ 12

వంద దాటాయి. అబ్బాయి ఈల వేస్తున్నాడు.

జూన్ 17

కర్ర దూర్చే మడత దగ్గర కుట్టు లాగి చూశాను. పటపటా తెగింది. అబ్బాయిని ఆ గుడ్డ మీద పడుకోబెట్టి నలుగురి చేత ఎత్తించాను. ఎనభై రెండు కిలోలు. దబ్బున నేల మీద పడ్డాడు. రెండో బండిల్ దారం నాసిరకం. దానితో కుట్టినవి నలభై ఆరు.

నడుం రుద్దుకుంటూనే పాఠం మొదలుపెట్టాడు. చెకింగ్‌లో పదో పన్నెండో తీసి చూస్తారట. అడిగేదాకా అవుతోందండీ అనడమే మన లైను పద్ధతట. వాళ్ళ నాన్న పద్ధతీ అదే. అప్పుడు నేనూ ఊరుకున్నాను. కానీ ఇవి దిండు గలీబులు కావు. నువ్వు పడితే నవ్వుకున్నాం, దీని మీంచి పడేవాడికి అప్పటికే దెబ్బ తగిలి ఉంటుంది అన్నాను.

జూన్ 18

నీ చేత్తో నువ్వే ఆర్డరు పోగొడతావమ్మా అన్నాడు. మనవరాలూ నేనూ వెళ్ళాం. 8.50కి ఆర్మీ వాళ్ళ గేటు దగ్గర ఉన్నాం. నానమ్మా, ముందు విషయం చెప్పు, క్షమాపణలు తర్వాత అని దారంతా అదే పాట. మూడే మాటలు చెప్పాను: దారం చెడ్డది, నలభై ఆరు పనికిరావు, ఇరవై ఎనిమిదికి కొత్తవి ఇస్తాం.

మేజర్ గారు తప్పెవరిదని అడగలేదు. ఎలా తెలిసిందని అడిగారు. అబ్బాయిని పడేసి తెలుసుకున్నానన్నాను. పెదవి కాస్త కదిలింది, అంతే. ఆ నలభై ఆరూ చూశాకే తర్వాతి ఆర్డరు మాట అన్నారు. తీపిగా ఒక్క ముక్క లేదు. నాతో ఇంత మర్యాదగా ఎవరైనా మాట్లాడి చాలా ఏళ్ళయింది.

జూన్ 24

నూట యాభై నాలుగూ అబ్బాయే తీసుకెళ్ళాడు. 8.50కే గేటు బయట నిలబడ్డాడట. చేతిలో పెట్టె లేదు.

జూన్ 28

నలభై ఆరింటిలో ఒకటి లాగి, మేజర్ గారే దాని మీద పడుకున్నారు. జవాన్లు ఎత్తారు. కళ్ళు మూసుకుని, ఇంకో రెండు వందలు ఎప్పటికి అని అడిగారు. అబ్బాయి తేదీ చెప్పాడు.