చప్పుడు చేయని టైర్లు

శనివారం, 12-6-2004

నా గేర్ల సైకిల్‌కి బొడిపెల లావు టైర్లు తీయించి నున్నటి సన్నవి వేయించాక, పలాసకి తొందరగా చేరుతున్నానని సంబరపడ్డాను. టైర్ల గురగుర కూడా పోయిందన్న సంగతి పట్టించుకోలేదు. పొద్దున్న నేను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ మలుపు తిరిగేసరికి గేటు ముందు ఎలుగుబంటి! నా రాక దానికీ వినపడలేదు. ఉలిక్కిపడి నా మీదికి లేచింది.

సెక్యూరిటీ అప్పన్న మావ భయంతో తన గది కప్పెక్కి ఉన్నాడు. "కదలకమ్మా!" అని అరుస్తూ కిందికి దూకి, కర్రతో గేటు రేకు మోగించాడు. ఎలుగు ఆయన వైపు తిరిగింది. ఏమనుకుందో, జీడితోటలోకి పారిపోయింది.

"నీ సైకిల్ సప్పుడు ఇనబడుంటే అదే ముందు ఎలిపోయీది గదమ్మా," అన్నాడు నేలమీద కూలబడి.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే అలవాటుగా నా సంచీ సోదా చేయబోయాడు. ముడి విప్పబోయి రెండుసార్లు జారవిడిచాడు. నేనే విప్పి చూపించాను.