గడ్డకట్టని సీసా

ఏవండీ, షిఫ్టు నుంచి రాగానే బట్టలు కూడా మార్చుకోకుండా గుమి సిటీలో పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి రండి. మామయ్యగారిని తీసుకెళ్తున్నాను. అంబులెన్స్ బయల్దేరిందన్నారు. మీ ఫోను ఎలాగూ లాకర్లోనే మోగుతోంది, అందుకే ఈ చీటీ. పాప హ్యేరిన్ కింది ఫ్లాటు ఆవిడ దగ్గరుంది. కెటిల్ ముట్టుకోకండి, అందులోది తాగేది కాదు. సీసా డాక్టరుకి చూపించడానికి నేనే పట్టుకెళ్తున్నాను.

పొద్దున కుళాయి గడ్డకట్టింది. వరండాలో కిమ్చీ జాడీల పక్కనున్న నీళ్ల సీసాలన్నీ రాళ్లయిపోయాయి, ఒక్కటి తప్ప. హమ్మయ్య అనుకుని దాంతోనే మామయ్యగారికి కాఫీ పెట్టాను. అదొక్కటే ఎందుకు గడ్డకట్టలేదన్న అనుమానం ఆయన తాగేశాక వచ్చింది. మీ ఫ్యాక్టరీలో దారం తయారీకి వాడే గ్లైకాల్ కాస్త తెచ్చి, కారు రేడియేటర్ గడ్డకట్టకుండా పోయడానికి నీళ్లు కలిపి ఉంచానన్నారు కదా, అదీ అప్పుడే గుర్తొచ్చింది. రంగూ వాసనా లేనిదాన్ని తెచ్చి నీళ్ల సీసాల మధ్య పెడతారా? మీద ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా?

ఆయన బాగానే ఉన్నారు, "నాకేమైందని ఈ హడావిడి" అని నన్నే కసురుతున్నారు. ముందు ఏమీ తెలియదట, తర్వాత కిడ్నీలు పోతాయట. త్వరగా రండి.

పెళ్లయిన దగ్గర్నుంచీ నా కాఫీలో తీపి చాలదనే మనిషి, రోజూ వేసే చక్కెరే వేసినా ఇవాళ "ఇన్నాళ్లకి నీకు కాఫీ పెట్టడం వచ్చిందమ్మాయ్" అన్నారు. ఇంకో కప్పు అడిగారు. మురిసిపోతూ పోశాను.