వంటింటి గోడలో చిన్న కిటికీ

ఆదివారం, రాత్రి

నా రాత వంకర, తప్పులూ ఎక్కువే. చదువుకునేది నేనే కదా, సర్దుకుంటాను.

రాజమండ్రి శివారులో పాత ఇళ్ళను వారసత్వ కట్టడాలుగా నమోదు చేసే ఆఫీసరు గారు ఈ రోజు మా ఇంటికి వచ్చారు. మండువా, టేకు స్తంభాలు అన్నీ ఫోటోలు తీశారు. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో, పీట మీద కూర్చుంటే కంటికి అందే చిన్న కిటికీ ఉంది. హాల్లో ఏసీ పెట్టాలని మా వారు రేపు దాన్ని మూయించాలనుకున్నారు. నాకేమో దిగులు. ఎలాగో నోరు తెరిచి అడిగేశాను.

"ఇది ఇంత కిందకి ఎందుకండీ?"

"గాలి కోసం అయ్యుంటుందమ్మా," అన్నారాయన.

అత్తయ్యగారు నవ్వారు. "గాలేంటండీ! మేం మగాళ్ళ ముందుకి వచ్చేవాళ్ళమా? ఇందులోంచి కాళ్ళు చూసి, ఎంతమంది ఉంటే అన్ని కాఫీలు కలిపేవాళ్ళం."

ఆయన ముచ్చటపడి రాసుకున్నారు. కిటికీ మూయొద్దన్నారు.

"నీకు నోరుందని ఇవాళే తెలిసింది," అన్నారు మా వారు, ఆఫీసరు గారు వెళ్ళాక.

మా వారు ఇంటికొచ్చి చెప్పులు విడిచే తీరు రోజూ ఆ కిటికీలోంచి చూసి, కోపంగా వచ్చారో లేదో తెలుసుకుంటాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ పేజీ ఎవరికైనా దొరికితే, దయచేసి పొయ్యిలో పడేయండి.