నూటికి నాలుగు చొప్పున

పన్నెండో తేదీ, గురువారం
ఉదయం ఆరున్నర

చిరంజీవి ఎందుకమ్మకు అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వెలా ఉన్నావని అడగడానికి ఈ వారం నాకు ముఖం చెల్లడం లేదు. అందుకని ఆ వాక్యం వదిలేసి ముందుకు వెళుతున్నాను.

ఫోను తొమ్మిదిసార్లు చేశాను. నువ్వు తీయలేదు. తీయకపోవడమే మంచిదయింది. నోటితో చెప్పబోతే మధ్యలో దగ్గొచ్చినట్టు చేసి మాట మార్చేస్తాను. ఆ విద్య నాకుందని మీ అమ్మకు తెలుసు. ఇరవయ్యో తేదీన ఆఫీసువాళ్ళు నిన్ను ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తారు. అంతకుముందే చెప్పవలసింది ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. నీ స్నేహితురాలి గది గుమ్మంలో, నువ్వు కవరు చించేదాకా నిలబడతానని ఆవిడగారు అంటున్నది.

ముందు ఇంటి సంగతులు. మీ అమ్మ దవడ పన్ను పీకించుకుంది. రెండు రోజులు మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు. అరగంట ఓపిక పట్టింది. ఆ తరవాత మొదటి మాటగా, నీ నాలుగు శాతం నువ్వే దాచుకో అని నన్ను అంది. నోట్లో దూది ఉన్నా ఆ మాట మాత్రం స్పష్టంగానే వచ్చింది.

స్నానాల గది కుళాయి కారడం ఆగింది. ప్లంబరు ఒక వాషరు వేసి మూడింటికి డబ్బు అడిగాడు. తీసిన పాతవి మూడూ చూపించమన్నాను. అతను తల గోక్కుంటూ, మీరు టీచరుగా చేశారా అమ్మా అన్నాడు. కాదు, ధరలు రాసేదాన్ని అన్నాను. అదేం ఉద్యోగమమ్మా అని అడిగాడు. నెల కిందటైతే అతన్ని కూర్చోబెట్టి అంతా చెప్పి ఉండేదాన్ని. ఏ ఊళ్ళో నెల గడవడానికి ఎంతవుతుందో ప్రపంచంలోని నూట నలభై ఊళ్ళకు లెక్క కట్టే ఆఫీసు ఒకటి ఉంది. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క మనిషి, ప్రతి నెలా అవే అంగళ్ళకు వెళ్ళి, అదే కంపెనీ సబ్బు, అదే తూకం ఉల్లిపాయలు, డజను గుడ్లు, బస్సు పాసు, క్షవరం, చెప్పులకు కొత్త అట్ట వేయించే కూలి, అన్నిటి ధరా రాసి పంపాలి. ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిని నూరు అనుకుంటే మన ఊరు అరవై ఒకటి. మనుషుల్ని ఊరూరికీ బదిలీ చేసే కంపెనీలు ఆ పట్టిక చూసే జీతం మీద భత్యం ఎంతివ్వాలో నిర్ణయిస్తాయి. మన ఊరి లెక్క ముప్పై ఒక్క ఏళ్ళు నేనే రాశాను అని చెప్పేదాన్ని. నిన్న మాత్రం ఒక్క వాషరుకే డబ్బిచ్చి పంపేశాను.

ఇక అసలు సంగతి.

నీకు ఈ పని నేర్పింది నేనే. అంగట్లో కొనేవాళ్ళలా నిలబడాలి గాని అధికారిలా నిలబడకూడదని చెప్పాను. ఆ కంపెనీ సబ్బు లేకపోతే గడి ఖాళీగా వదిలి కారణం రాయాలి, పక్క కంపెనీ ధర వేయకూడదని చెప్పాను. ఒకసారి నువ్వు గుడ్ల ధర ఫోనులో అడిగి రాశావని తెలిసి, వానలో నిన్ను తిరిగి పంపించాను. ధర అదే ఉంది. అయినా వెళ్ళడం వెళ్ళడమే అన్నాను. తడిసి వచ్చి, నువ్వు అమ్మమ్మవా తనిఖీ అధికారివా అని విసుక్కున్నావు. రెండూనూ అన్నాను.

అద్దెలు ఏడాదికి ఒకసారి రాయాలి. మూడు పేటలు, పేటకు రెండు గదుల ఇళ్ళు పన్నెండు. ప్రకటనల్లో రాసిన అద్దె కాదు, ఇంటివాళ్ళు చెప్పే అద్దె కాదు, అద్దెకున్నవాళ్ళు నిజంగా కడుతున్నది అడిగి రాయాలి. అది నియమం. ఆ నియమం పుస్తకంలో చేర్చమని ఆఫీసుకు రాసినది కూడా నేనే.

ఆరేళ్ళ కిందట నాకు మోకాలు వాచింది. మూడో పేట అంతా మెట్ల వీధులు. నాలుగేసి అంతస్తులు, లిఫ్టులు లేవు. ఆ ఏడాది మొదటి రెండు పేటల్లో అద్దెలు నూటికి నాలుగు పెరిగాయి. మూడో పేటకూ అంతే అనుకుని, అంతకు ముందు ఏడాది అంకెకు నాలుగు శాతం కలిపి రాశాను. పన్నెండు ఇళ్ళకూ కలిపి చేసిన పాపం పావుగంటలో అయిపోయింది. టీ తాగాను. ఎవరూ ఏమీ అనలేదు.

మరుసటేడు మోకాలు తగ్గింది. అయినా వెళ్ళలేదు. ఇది నువ్వు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే మీ అమ్మ నా మీద జాలిపడినప్పుడల్లా మోకాలి సంగతి ఎత్తుతుంది. మోకాలిది ఒక ఏడాదే. తక్కిన ఐదేళ్ళూ నావి. ఏడు వందల ఇరవై ఉన్న సగటు అద్దె అలా పెరిగి పెరిగి తొమ్మిది వందల పదకొండయింది. నడుమ వంతెన కట్టారు, ఆ పేటకు గిరాకీ వచ్చింది. కుర్చీలో కూర్చున్న నాకు వంతెన ఎక్కడ కనబడుతుంది.

నేను పదవీ విరమణ చేసినప్పుడు ఆఫీసువాళ్ళు పంపిన ప్రశంసాపత్రంలో, మన ఊరి అద్దెల వరుసను కొత్తవాళ్ళకు నమూనాగా చూపిస్తున్నామని రాశారు. అది చదివి వినిపించమని నిన్నే అడిగాను. రెండుసార్లు చదివించుకున్నాను.

నువ్వు నా కుర్చీలో చేరిన మూడో నెలలోనే అద్దెల పని వచ్చింది. మూడు రోజులు మెట్లు ఎక్కి దిగి, పాదాలు వేణ్నీళ్ళలో పెట్టుకుని కూర్చుని, అమ్మమ్మా, మూడో పేటలో పద్నాలుగు వందల తొంభై వచ్చింది, నీ అంకె తొమ్మిది వందల పదకొండు, ఇదెలా అని అడిగావు. పాత కాగితాలు తిరగేసి, ఆరేళ్ళూ సరిగ్గా నాలుగే ఎందుకు పెరిగింది, మూడున్నర ఎందుకు కాలేదు అనీ అడిగావు. చిన్నప్పుడు రోజుకు నూరుసార్లు ఎందుకు ఎందుకు అని ప్రాణం తీసేదానివని నీకా పేరు పెట్టింది నేనే. ఆ రోజు మాత్రం, ముందు నడవడం నేర్చుకో, తరవాత ప్రశ్నలు అడుగుదువుగాని అన్నాను. మూడు రోజులు నడిచి వచ్చినదాన్ని పట్టుకుని ఆ మాట అన్నాను.

నీ అంకెతో మన ఊరు అరవై ఒకటి నుంచి డెబ్బై నాలుగుకు ఎగబాకింది. కంపెనీలు గోల పెట్టాయి. నువ్వు ఇళ్ళకు వెళ్ళకుండా అంకెలు అల్లావని ఆఫీసుకు అనుమానం వచ్చింది. ఒకటో తేదీన నా అభిప్రాయం అడుగుతూ ఈమెయిల్లో కాగితం వచ్చింది. ఐదో తేదీన రెండు వాక్యాల్లో జవాబు రాసి అలాగే పంపాను. పాత వరుస నమ్మదగినది అన్నది మొదటిది. కొత్త ఉద్యోగి ఇళ్ళకు వెళ్ళి విచారించినట్లు లేదు అన్నది రెండోది. నా అంకె నిజానికి ఎంతోకొంత దగ్గరగానే ఉంటుందన్న నమ్మకంతో అలా రాశాను.

ఆ జవాబు నకలు నీకూ పంపుతారని నాకు తెలుసు. ఆరో తేదీన దాన్ని తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి, ఎందుకు అని ఒక్క మాట అడిగావు. నేను బంగాళాదుంప తొక్క తీస్తూ, తల ఎత్తకుండా, కొత్తవాళ్ళకు ఒక దెబ్బ తగిలితేనే పని ఒంటబడుతుంది అన్నాను. నువ్వు సంచీ సర్దుకున్న చప్పుడు వింటూ ఇంకో రెండు దుంపల తొక్క తీశాను. వద్దని అనలేదు. ఆపలేదు.

మొన్న సోమవారం మూడో పేటకు వెళ్ళాను. వెళ్ళి నా కళ్ళతో చూసి వచ్చాను. నాలుగో అంతస్తులో ఒక వెల్డరు కుటుంబం ఉంది. దేశం కాని దేశం నుంచి కంపెనీ బదిలీ మీద వచ్చారు. మొగుడూ పెళ్ళామూ, అత్తగారూ, ఇద్దరు ఆడపిల్లలూ, ఒకటే గది. ఒకటే మంచం. పగలు అతను రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకుంటాడు, రాత్రి అత్తగారు పడుకుంటుంది. మంచానికి సెలవే లేదమ్మా, మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ డ్యూటీ దానిదే అని ఆ ఇల్లాలు నవ్వింది.

ఉన్న ఒక్క పీటా తుడిచి నాకు వేసింది. మంచినీళ్ళిచ్చింది. మన భాష ముక్కలు ముక్కలుగానే వచ్చు గాని, ధరలు మాత్రం గడగడా చెబుతుంది. ఇది వాళ్ళకు మూడో ఊరు. మొదటి ఊళ్ళో గుడ్లు మండిపోయేవట, బస్సు మాత్రం దాదాపు ఊరికేనట. రెండో ఊళ్ళో చలి. గది వెచ్చగా ఉంచుకోవడానికే జీతంలో మూడో వంతు పోయేదట, కాని రెండు గదులుండేవట. ఇక్కడ ఉల్లిపాయలు చవక, పాలు చవక, గది ఒక్కటే నిలువునా మింగేస్తోందట. కంపెనీవాళ్ళను అడిగితే, మీ ఊరు చవక అని పట్టికలో ఉంది, రెండు గదుల ఇల్లు తొమ్మిది వందలకు వస్తుందని ఉంది, వెతుక్కోండి అన్నారట. ఉల్లిపాయలు చవక కదా, వాటిలోనే కాపురం ఉండమంటున్నారు కాబోలు అని ఆమె నవ్వితే, మూలనున్న అత్తగారు కూడా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని నవ్వాను.

మీకెంత అద్దె అని అడిగాను. ఈ ఒక్క గదికి వెయ్యిన్నూట పది, కింది అంతస్తులో రెండు గదులకు పదిహేను వందలు అని చెప్పింది. ఎందుకమ్మా, ఇల్లు వెతుకుతున్నారా అని అడిగింది. మా మనవరాలి కోసం అన్నాను. ఆ పిల్లను ఈ మెట్లు ఎక్కించకండి, పాపం అంది. నిరుడు ఎవరో పెద్దావిడ పట్టిక రాసిందని కంపెనీలో చెప్పారట, ఆవిడ ఈ పేటకు ఒక్కసారి వచ్చి ఉంటే మాకీ అవస్థ ఉండేది కాదు అని కూడా అంది. ఆమె తిట్టలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. గ్లాసు కింద పెట్టి, గోడ పట్టుకుని దిగాను.

రెండు గదులున్న ఇళ్ళు ఇంకో ఏడు అడిగాను. వాటి సగటు పద్నాలుగు వందల ఎనభై మూడు వచ్చింది. నీ అంకెకు ఏడు తక్కువ. నువ్వు పన్నెండు ఇళ్ళు అడిగావు, నేను ఏడే, కాబట్టి నీదే సరైనది.

వానలో నిన్ను గుడ్ల కోసం తిరిగి పంపిన మనిషిని, ఆరేళ్ళు కుర్చీలో కూర్చుని మనుషుల ఇళ్ళు కొలిచాను. నువ్వు పట్టుకున్నప్పుడు ఒప్పుకోవడానికి బదులు నీ మీదే అబద్ధపు నింద వేశాను. క్షమించమని అడగడం లేదు. అది నీ ఇష్టానికి వదిలేశాను. ఇరవయ్యో తేదీ మాత్రం నా చేతిలో ఉన్న పని. ఈ ఉత్తరానికి నకలు రాసి ప్రధాన కార్యాలయానికి ఇవాళే పంపుతున్నాను. పాత వరుసలో ఆరేళ్ళూ కొట్టేయమనీ, నా ప్రశంసాపత్రం వెనక్కి తీసుకోమనీ, నిన్ను ఉంచమనీ పైన వేరే కాగితం జోడించాను.

మీ అమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నది. ఇంతటితో ముగిస్తాను.

ఇట్లు,
నీ ముందు తల ఎత్తలేని
అమ్మమ్మ

తా.క. మీ అమ్మను మళ్ళీ కూర్చోబెట్టాను. కవరు అంటించబోయి ఆగిపోయాను.

మూడో పేటకు వెళ్ళింది మొన్న సోమవారం కాదు. సోమవారం నేను ఇల్లు కదలలేదు. ఒకటో తేదీన ఆఫీసు కాగితం రాగానే, చూడకుండా సంతకం పెట్టే అలవాటు పూర్తిగా చేసుకోలేక, మూడో తేదీన వెళ్ళాను. ఆ పీట మీద కూర్చున్నదీ, ఆ నీళ్ళు తాగినదీ, ఏడిళ్ళ సగటు కట్టినదీ ఆ రోజే. ఐదో తేదీన ఆ రెండు వాక్యాలు రాసేటప్పుడు నీ అంకె సరైనదని నాకు తెలుసు. జవాబు రాస్తున్నంతసేపూ ఆ సగటు కట్టిన చీటీ నా పక్కనే ఉంది.

రెండు రోజులు ఆలోచించే రాశాను. నీకు ఇరవై ఆరేళ్ళు, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, నాకు ఇంకో ముప్పై ఒక్క ఏళ్ళు దొరకవు అని లెక్క వేశాను. ఆ గదిలోని ఐదుగుర్ని ఆ లెక్కలో వేయనే లేదు. నమ్మకంతో రాశానని పైన అన్నది అబద్ధం. తప్పు ఒప్పుకునే ఉత్తరంలో కూడా నాకోసం కాస్త దాచుకున్నాను.

ఆఫీసుకు రాసిన నకలు సంతకం వరకే ఉంది, చించేశాను. ఈ తా.క.తో సహా మళ్ళీ మొదటి నుంచి రాసి, తొమ్మిదింటికి పోస్టాఫీసు తెరవగానే రిజిస్టరు చేయిస్తాను. ఆ ఇల్లాలి చిరునామా కూడా అందులో రాస్తున్నాను. నేను ఏ రోజు వచ్చానో వాళ్ళు ఆమెనే అడగవచ్చు. మూడో తేదీ వాళ్ళు అద్దె కట్టే రోజు. నేను తలుపు తట్టినప్పుడు ఆమె నోట్లు లెక్కపెట్టుకుంటున్నది, అద్దెకు ఇంటి యజమానే వచ్చాడనుకుని అలాగే చేత్తో పట్టుకుని తలుపు తీసింది.