వేలు పోయింది, గోలు పోలేదు

రాజమహేంద్రవరం,
జూలై 1899

తాతయ్యగారికి మనవరాలు జ్ఞానమ్మ వందనాలతో రాసేది.

ఈ ఉదయం డోనవన్ దొరగారు టీ తాగుతుంటే ఆయన ఎడమచేతి చిటికెనవేలు కప్పుకు తగలకుండా పక్కకు నిలబడి ఉంది. మర్యాద కాబోలనుకున్నాను. విరిగి అతుక్కున్న వేలట.

మా కాన్వెంటు బడికి వచ్చిన కొత్త దొర ఎలాంటివాడో తెలిసేదాకా నన్ను ఇంకో ఏడాది పంతులమ్మగా ఉండనివ్వనన్నారు కదా, అందుకే రాస్తున్నాను. ఆయనది ఐర్లాండు. రైల్వే పని మానుకుని మా పిల్లలకు డ్రిల్లు నేర్పుతున్నారు. వయసులో ఉండగా హర్లింగులో పేరున్న మనిషి. చాలా ఏళ్లు గోలు కాశారు. చివరిసారి దెబ్బతగిలి వేలు విరిగినా కదల్లేదట. "వేలు పోయింది, గోలు పోలేదు" అని తెలుగులోనే అంటారు.

మీ విధేయురాలు,
జ్ఞానమ్మ

తా.క. నాకు ఇక్కడే ఉండాలని ఉంది.

*

సామర్లకోట దగ్గర నుంచి

అమ్మా జ్ఞానం, తాత రాజరత్నం దీవెనలు.

"గోలెం" అని రాయబోయి "గోలు" అని రాశావు. కాన్వెంటులో తెలుగు బొత్తిగా చెప్పరా ఏంటి? కుడితి గోలెం కాయడం నాకూ తెలుసు. దానికోసం వేలు విరగ్గొట్టుకోవడం ఏంటమ్మా? గేదె కుమ్మిందా? హర్లింగు ఏ జిల్లాలో ఉంది?

ఇట్లు,
తాత

తా.క. మనిషి నమ్మకస్తుడైతే చెప్పు. మన గోలెంలో పక్కింటి గంగరాజుగారి గేదె రోజూ మూతి పెడుతోంది.

*

తాతయ్యగారికి వందనాలు.

హర్లింగు ఊరు కాదండి. రెండు పక్షాలవాళ్లు కర్రలు పట్టుకుని దిగుతారు. గోలు అంటే రెండు గుంజల మధ్య ఖాళీ జాగా. ఎదుటి పక్షం దానిమీదికి వస్తుంది. దొరగారు అడ్డం నిలబడేవారు.

ఇక అపార్థం ఉండదనుకుంటాను.

జ్ఞానమ్మ

*

అమ్మా జ్ఞానం,

ఇప్పుడు తెలిసింది. ఇది లంకభూమి తగాదా. మన గోదావరి లంకల్లో నేను చూడనివా? వరదకి గట్టు జరగడం, గుంజలు పాతడం, ఇటు ఇరవైమంది అటు ఇరవైమంది కర్రలతో దిగడం! అలాంటివాణ్ణి తెచ్చి ఆడపిల్లల బడిలో పెట్టారా? శనివారం బండికి వస్తున్నాను. పెట్టె సర్దుకో.

తాత

తా.క. అన్నేళ్లు కాశాడుగా, చివరికి ఆ జాగా ఎవరికొచ్చింది?

*

తాతయ్యగారికి వందనాలు.

అది ఆటండి. బంతి సంగతి రాయనే లేదు నేను. తెడ్డులాంటి కర్రతో తోలుబంతిని కొట్టి గుంజల మధ్యనుంచి పంపాలి. దాన్ని దొరగారు ఆపాలి. ఒకసారి బంతి ఆయన చొక్కాలో దూరిందట. ఎదుటివాళ్లంతా ఆయన్నే ఎత్తి గోలులోకి మోయబోతే గుంజను కావలించుకున్నారు. గుంజ ఊడింది గాని ఆయన ఊడలేదు.

శనివారం మా బడిలో ఆట ఉంది. నన్ను తీసుకువెళ్లే ముందు చూడండి.

జ్ఞానమ్మ

తా.క. జాగా ఎవరికీ రాలేదు. ఆట కాగానే అందులో గొర్రెల్ని మేపుకునేవారట.

*

అమ్మా జ్ఞానం,

కోపంగా వచ్చినవాణ్ణి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఇల్లు చేరాను. మీ నాయనమ్మ మిరియాల కషాయం పోస్తోంది.

మగవాళ్లని దూరంగా ప్రహరీ పక్కన కూర్చోబెట్టారు. నా కంటికి పొర కదా, మొహాలు ఆనలేదు. అయినా తలకి తువ్వాలు చుట్టుకుని గుంజల మధ్య నిలబడిందే, ఆ పిల్ల! ఆఖరున బంతి చేతికి తగిలిన చప్పుడు నా దాకా వినబడింది. పిల్ల కదిలితే ఒట్టు. "వేలు పోయినా గోలు పోనివ్వకే తల్లీ!" అని అరిచింది నేనే.

నువ్వెక్కడని అడిగితే సిస్టరుగారు "పనిలో ఉందండి" అన్నారు. ఏ మూలో పుస్తకం పట్టుకుని కూర్చునుంటావు. సిగ్గు మన ఇంటి జబ్బు. బండి వేళయి, నిన్ను తీసుకెళ్లే మాటే మరిచాను. వచ్చే శనివారం వస్తాను. నువ్వూ ఆ పిల్లలాంటిదానివైతే ఏడాదేంటమ్మా, ఇష్టమైనన్నాళ్లు ఉండమందును.

తాత

తా.క. ఆ పిల్ల ఎవరి మనవరాలో కనుక్కో. అదృష్టవంతుడు.

*

తాతయ్యగారికి వందనాలు.

పెట్టె సర్దలేదు. మీ ఉత్తరం సిస్టరుగారికి చదివి వినిపించాను. "ఇష్టమైనన్నాళ్లు" అన్న ముక్క మళ్లీ చదివించుకున్నారు. సెలవుల్లో దొరగారు మన గోలెం కాయడానికి వస్తారట. గంగరాజుగారి గేదెకు కొమ్ములున్నాయా అని అడుగుతున్నారు.

మీరడిగిన సంగతి కనుక్కున్నాను. ఆ పిల్ల తాతగారు సామర్లకోట దగ్గర ఉంటారు. ప్రస్తుతం మిరియాల కషాయం తాగుతున్నారు.

మీ ప్రియమైన,
జ్ఞానమ్మ

తా.క. కాగితం కదిలిపోయి అక్షరాలు వంకరగా వచ్చాయి. నా ఎడమచేతి చిటికెనవేలికి కట్టు కట్టారు.